కత్తిపీటను అటకెక్కించిన బాలింత: ఒక కేస్ స్టడీ

కాన్పు తర్వాత ఒక తల్లికి వచ్చిన మానసిక సమస్య గురించిన ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, పేరు ఎక్కడా రాయను. "నాలాగా లోపల్లోపల కుమిలిపోయేవాళ్లకి అర్థమయ్యేట్టు రాయండి మేడం" అని ఆమే అడిగింది కాబట్టి డాక్టర్ల భాష వీలైనంత తగ్గిస్తాను. కానీ గర్భిణులను, బాలింతలను చూసే నర్సులకు, ఆశా కార్యకర్తలకు, కొత్తగా కౌన్సెలింగ్‌లోకి వచ్చినవాళ్లకు పనికొచ్చే సంగతులు మాత్రం వదలను.

ఆమెకు 28 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, భర్తదీ అదే రంగం. ఏడో నెలలో సీమంతం చేసి తొలి కాన్పుకు గుంటూరు జిల్లాలోని పుట్టింటికి తీసుకొచ్చారు. కౌన్సెలింగ్‌కు నా దగ్గరకు వచ్చేసరికి బాబుకు నెలన్నర దాటింది. పంపించింది పిల్లల డాక్టర్. నెలన్నర టీకాలకు వచ్చినప్పుడు బాబు అమ్మమ్మ ఒళ్లో ఉన్నాడు, తల్లేమో తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది. సూది వేసేటప్పుడు కాళ్లు పట్టుకోమ్మా అంటే రెండు చేతులూ చున్నీలో చుట్టుకుని ఇంకాస్త వెనక్కి జరిగింది. అది చూసి ఆయన చీటీ మీద ఒకే ముక్క రాసి పంపారు: "తల్లి బిడ్డను ముట్టుకోవడం లేదు."

ముందుగా వాళ్లమ్మ మాట్లాడింది. "పురిటి స్నానం దాకా బాగానే ఉందమ్మా. ఆ తర్వాత ఏమైందో ఏమో, పిల్లాణ్ణి ఒళ్లో పెడితే ఒళ్లు బిగబట్టుకుంటది. పాలు పిండి గిన్నెలో ఇస్తది, నేనే ఉగ్గుగిన్నెతో పట్టిస్తున్నా. రాత్రుళ్లు నిద్రపోదు. దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం, గాలి సోకిందేమోనని దర్గాకి కూడా తీసకపోయాం. కన్నతల్లి ఇట్టా చేస్తదా?" ఆ చివరి ప్రశ్న వేస్తున్నప్పుడు కూతురు తల ఎత్తలేదు. ఇంకో సంగతి కూడా చెప్పింది, ఫిర్యాదులాగా కాదు, మాటల్లో మాటగా: ఇంట్లో కత్తిపీటను అటక మీద పెట్టించిందట. కూరలు పక్కింట్లో తరిగించుకుని తెచ్చుకుంటున్నారట.

కేసు మొత్తం ఆ మాటలోనే ఉంది. కానీ మొదటిరోజు దాని గురించి వాళ్లమ్మ ముందు అడగకుండా ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టుకున్నాను.

కాన్పయిన తల్లికి డిప్రెషన్ ఉందేమో చూడటానికి ఎడిన్‌బరో స్కేల్ అని ఒకటుంది, 1987లో తయారైంది. పది ప్రశ్నలు, గడిచిన వారం రోజుల గురించి అడుగుతుంది, మొత్తం 30 మార్కులు. 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ ఉండే అవకాశం గట్టిగా ఉన్నట్టు. ఆమెకు 17 వచ్చింది. ఇందులో 3, 4, 5 ప్రశ్నలు ఆందోళనకు, తనను తాను నిందించుకోవడానికి సంబంధించినవి, ఆ మూడింటిలోనే ఆమెకు ఎక్కువ మార్కులు. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి, దానికి "అప్పుడప్పుడు" అంది. చాలాచోట్ల ఇక్కడితో ఆపేసి "పోస్ట్‌పార్టమ్ డిప్రెషన్", అంటే కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్, అని రాసేస్తారు. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి 2017లో లెక్కగడితే కాన్పయిన తల్లుల్లో దాదాపు 22 శాతం మందికి డిప్రెషన్ ఉందని తేలింది, కాబట్టి అలా రాయడంలో ఆశ్చర్యం లేదు. కానీ డిప్రెషన్‌లో ఉన్న తల్లికి బిడ్డను ఎత్తుకోవాలనిపించకపోవచ్చు, కత్తిపీట ఎందుకు దాస్తుంది?

అందుకే సూటిగా అడిగాను. "బిడ్డ పుట్టాక చాలామంది తల్లులకు వద్దనుకున్నా భయంకరమైన ఆలోచనలు వస్తాయి. బిడ్డ చేతుల్లోంచి జారిపడ్డట్టు, ఒక్కోసారి తన చేతులతోనే ఏదో చేసేస్తున్నట్టు బొమ్మ కళ్లముందుకు వస్తుంది. మీకు అలాంటివి వస్తున్నాయా?" చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి మాట: "చెబితే పోలీసులకి చెప్తారా మేడం?" రెండో మాట: "బాబుని తీసేసుకుంటారా?"

ఇక్కడ తడబడితే అంతా పోతుంది. ఆలోచన రావడం నేరం కాదని, ఆమె చెప్పింది నా దగ్గరే ఉంటుందని, ఎవరి ప్రాణానికైనా నిజంగా ముప్పుందనిపిస్తే మాత్రం ఇంట్లోవాళ్లతో మాట్లాడాల్సి వస్తుందని, అదైనా ముందు ఆమెకు చెప్పే చేస్తానని విడమరిచి చెప్పాను. అప్పుడు చెప్పింది. కాన్పయిన పది రోజులకు వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని ఉంది, వాళ్లమ్మ సొరకాయ తరుగుతోంది, పక్కనే చాప మీద బాబు. కత్తిపీట అంచు మీద బాబు మెడ ఉన్నట్టు ఒక్క క్షణం కనిపించింది. కేక పెట్టి లేచిపోయింది. మర్నాటి నుంచి కత్తిపీట, తర్వాత కత్తెర, తర్వాత డాబా మెట్లు, తర్వాత లాలపోసే నీళ్ల కాగు, చివరికి తలదిండు, ఒక్కొక్కటీ భయమైపోయాయి. ఆలోచన వచ్చినప్పుడల్లా మనసులో "రామ రామ" అనుకుంటుంది, సరిగ్గా అనలేదనిపిస్తే మళ్లీ మొదటి నుంచి. రాత్రి బాబు ముక్కు కింద వేలు పెట్టి శ్వాస చూస్తుంది, చూసి పడుకుని, మళ్లీ లేచి చూస్తుంది. మూడు గంటలు నిద్రపోతే గొప్ప. ఫోన్‌లో వెతికితే బిడ్డను చంపుకున్న తల్లుల వార్తలు వచ్చాయి, అవి చదివి తనూ అలాంటిదేనని తీర్మానించుకుంది. "నేను లేకపోతే వాడు బతుకుతాడు" అన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది.

దీన్ని కాన్పు తర్వాత వచ్చే ఓసీడీ అంటారు: వద్దన్నా పదేపదే వచ్చే ఆలోచనలు, ఆ భయం తగ్గించుకోవడానికి మళ్లీ మళ్లీ చేసే పనులు. ఆమె విషయంలో డిప్రెషన్ దాని మీద పేరుకుంది. ఇలాంటి ఆలోచనలు ఎంత మామూలో జనానికి తెలియదు. కెనడాలో తొలిచూలు తల్లులను అడిగి 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, బిడ్డకు ప్రమాదవశాత్తూ ఏదో అయిపోతుందన్న ఆలోచన తల్లులందరికీ వచ్చింది, తామే కావాలని హాని చేస్తున్నట్టు అనిపించింది దాదాపు సగం మందికి. తేడా ఏమిటంటే చాలామంది "ఛీ, ఇదేం ఆలోచన" అనుకుని వదిలేస్తారు, ఓసీడీ ఉన్నవాళ్లు వదల్లేరు.

రోగనిర్ధారణలో నేను ఎక్కువ సమయం పెట్టింది సైకోసిస్, అంటే ఏది నిజమో ఏది కాదో తెలియకుండా పోయే జబ్బు, కాదని తేల్చుకోవడానికి. కాన్పయిన ప్రతి వెయ్యి మందిలో ఒకరిద్దరికి వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది, అది ఎమర్జెన్సీ, ఆలస్యం చేస్తే తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. అందులో తల్లికి నిద్ర లేకపోయినా అలసట అనిపించదు, మాటలకు పొంతన ఉండదు, గంటకో రకంగా ఉంటుంది, ఎవరో చెవిలో చెబుతున్నట్టు వినిపించవచ్చు, బిడ్డ దేవుడనో దెయ్యమనో గట్టిగా నమ్మవచ్చు. ముఖ్యంగా, హాని చేయాలన్న ఆలోచన ఆమెకు తప్పుగా తోచకపోవచ్చు. ఈమెకు ఆ ఆలోచనే నరకం. వాళ్లమ్మను, భర్తను విడివిడిగా అడిగాను: వింత మాటలు, అతి ఉత్సాహం, ఇంట్లో ఎవరికైనా గతంలో బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు), ఏవీ లేవు. కాన్పయిన మూడో రోజుకో ఐదో రోజుకో వచ్చే కన్నీళ్లు, చిరాకు రెండు వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి, ఇది ఆ కోవలోది కూడా కాదు. రక్తపరీక్షల్లో థైరాయిడ్ మామూలుగానే ఉంది, హిమోగ్లోబిన్ 8.9, అంటే రక్తం తక్కువ. ఆపరేషన్‌తో కాన్పయి, పథ్యం పేరుతో కారప్పొడి అన్నం తప్ప పెద్దగా తినని మనిషికి అంతకంటే ఏముంటుంది? ఐరన్ మొదలుపెట్టించాం, ఆకుకూర, గుడ్డు, పప్పు తినొచ్చని వాళ్లమ్మకు ఆసుపత్రి డాక్టర్ చేతే చెప్పించాను, నేను చెబితే వినేది కాదు.

వెనక్కి వెళ్తే కథ కడుపుతో ఉన్నప్పుడే మొదలైంది. అంతకుముందు తొమ్మిదో వారంలో ఒకసారి గర్భం పోయింది. ఆఫీసు లిఫ్ట్ పాడైతే మెట్లెక్కానని, అందుకే పోయిందని ఆమె నమ్మకం. ఎవరూ అలా అనలేదు, కాదని కూడా ఎవరూ అనలేదు. రెండోసారి కడుపు పండాక బిడ్డ కదలికలు రోజంతా లెక్కపెట్టేది, రాత్రిపూట కదలట్లేదని మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లమంది. "కడుపుతో ఉన్నవాళ్లకి టెన్షన్ మామూలే" అని పంపించేశారు. చెకప్‌కు వెళ్లిన ప్రతిసారీ బీపీ చూశారు, బరువు చూశారు, రక్తం చూశారు. మనసెలా ఉందని ఎవరూ అడగలేదు. కాన్పప్పుడు బిడ్డ గుండె చప్పుడు తగ్గిందని హడావుడిగా సిజేరియన్ చేశారు, పుట్టాక పచ్చకామెర్లని రెండు రోజులు లైట్ల కింద పెట్టారు. "నా వల్ల వీడికి ఏదో అవుతుంది" అన్న భయానికి ఒక్కొక్కటీ తోడైంది.

ఆమెకు నేను చెప్పింది ఇది. ఆలోచన వస్తుంది, భయం వేస్తుంది, కత్తిపీట దాస్తారు, వెంటనే భయం తగ్గుతుంది. "దాచాను కాబట్టే ఏమీ కాలేదు" అని మనసు నేర్చుకుంటుంది. వీధికుక్కకు ఒకరోజు అన్నం పెడితే మర్నాడు గుమ్మంలో వచ్చి కూర్చున్నట్టు ఆ భయం రోజూ వస్తుంది, దాచడం, దూరం జరగడం, రామ రామ లెక్క, ఇవన్నీ దానికి పెట్టే ముద్దలు. వింటూ వింటూ, "అంటే నేను వాణ్ణి కాపాడుతున్నాననుకుని దూరం చేసుకున్నానా?" అంది. అవును, అంత ప్రేమ ఉంది కాబట్టే అంత భయం అన్నాను.

ఈలోపు హైదరాబాద్ నుంచి అత్తగారి ఫోను. పిల్లాణ్ణి తాము తీసుకెళ్లి చూసుకుంటామని, కోడలు కోలుకున్నాక రావచ్చని. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో అనలేదు, మనవడి మీద బెంగ. కానీ ఇలాంటి కేసుల్లో నేను అన్నిటికన్నా గట్టిగా నిలబడేది ఈ ఒక్క విషయం మీదే. భయంతో బిడ్డకు దూరమైన తల్లి నుంచి బిడ్డను తీసేస్తే, "నువ్వు ప్రమాదకరమైనదానివే" అని ఆమె భయానికి మనమే ముద్ర వేసినట్టు. ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రమైన జబ్బులో కూడా వీలైనంతవరకు తల్లీబిడ్డలను కలిపే ఉంచాలి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను ఒకేచోట చేర్చుకునే వార్డు ఉన్నది అందుకే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 కూడా చికిత్సలో ఉన్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా విడదీయకూడదనే చెబుతుంది, బిడ్డకు ముప్పుందనుకుంటే తప్ప. ఇక్కడ ముప్పు బిడ్డకు కాదు, తల్లికి. తను లేకపోతే మేలనుకుంటున్న మనిషికి ముందు కాపలా కావాలి. రాత్రిళ్లు వాళ్లమ్మ అదే గదిలో పడుకోవాలని, మందులు ఆవిడ దగ్గరే ఉండాలని, ఆలోచన ముదిరితే వెంటనే ఎవరికి చెప్పాలో కాగితం మీద రాసుకున్నాం, అందులో సైకియాట్రిస్ట్ నంబరుతో పాటు రాత్రీపగలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 కూడా ఉంది. అత్తగారితో భర్తనే మాట్లాడమన్నాను. "అమ్మా, వాడు వాళ్లమ్మ పాలే తాగుతున్నాడు, ఇప్పుడు విడదీస్తే ఇద్దరూ దెబ్బతింటారు, నువ్వే వచ్చి నాలుగు రోజులుండు" అన్నాడట. ఆవిడ వచ్చింది, ఉంది, వంట చేసిపెట్టింది.

సైకియాట్రిస్ట్ డిప్రెషన్‌కూ ఓసీడీకీ వాడే సెర్ట్రలిన్ మందును 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా 100 దాకా పెంచారు. "ఆ మందు పాలల్లోకి దిగదా?" అని వాళ్లమ్మ అడిగింది, అడగాల్సిన ప్రశ్నే. దిగుతుంది, కానీ చాలా కొద్దిగా. పాలిచ్చే తల్లులకు డాక్టర్లు ముందుగా ఎంచుకునే మందుల్లో ఇదొకటి. ఓసీడీకి పూర్తిగా పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుందని ముందే చెప్పడం అవసరం, లేకపోతే పది రోజులకే "పనిచేయలేదు" అని మానేస్తారు.

మందు కన్నా ముందు నిద్ర. భర్త కొన్నాళ్లు ఇంటి నుంచి పని చేసేట్టు అనుమతి తెచ్చుకుని గుంటూరు వచ్చాడు. రాత్రి పది నుంచి మూడు దాకా బాబు బాధ్యత అతనిది, పిండి పెట్టిన పాలు తనే పట్టించాలి. ఐదు గంటలు ఏకబిగిన నిద్రపోయిన మొదటి వారానికే ఆమె మొహంలో తేడా వచ్చింది. తండ్రి నిద్రలేచి పాలు పట్టడం వాళ్ల బజారులో వింతగా చెప్పుకున్నారట, చెప్పుకోనీ.

ఆ తర్వాత అసలు పని, ఎక్స్‌పోజర్, అంటే భయపడి తప్పించుకుంటున్నవాటికి మెల్లమెల్లగా ఎదురెళ్లడం. దీని గురించి జనానికి అపోహలున్నాయి కాబట్టి స్పష్టంగా రాస్తున్నాను: ప్రమాదకరమైన పని ఏదీ చేయించం, ఏ తల్లైనా రోజూ ఇంట్లో చేసే పనులే చేయిస్తాం, కాకపోతే భయం ఉండగానే, భయాన్ని తగ్గించుకునే కిటుకులేవీ లేకుండా. తక్కువ భయం నుంచి ఎక్కువకు వరుస రాసుకున్నాం. ఉయ్యాల పక్కన కూర్చోవడం, అమ్మ గదిలో ఉండగా ఎత్తుకోవడం, అమ్మ వాకిట్లో ఉండగా ఎత్తుకోవడం, నేరుగా పాలివ్వడం, బట్టలు మార్చడం, లాలపోయడం, అన్నిటికన్నా పైన కత్తిపీట. "అయితే కత్తిపీట ఇప్పుడే కిందకి దించనా?" అని వాళ్లమ్మ ఉత్సాహపడింది. వద్దు, ఆ రోజు వచ్చినప్పుడు తనే దించుకుంటుంది అన్నాను.

రామ రామ దగ్గర ఆమె బాగా ఇబ్బంది పడింది. దేవుణ్ణి మానేయమంటున్నారా అని. పొద్దున దీపం పెట్టి దణ్ణం పెట్టుకోవడం భక్తి, అది ఉండాల్సిందే. ఆలోచనకు విరుగుడుగా, లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి అనుకోవడం జబ్బు చేయిస్తున్న పని, మానాల్సింది అదొక్కటే. ఈ గీత జాగ్రత్తగా గీయకపోతే మన ఇళ్లల్లో చికిత్స ఒక్క అడుగు కూడా ముందుకు పోదు, ఇంట్లోవాళ్లు అడ్డం తిరుగుతారు, న్యాయమే.

ఇంకోటి, పదేపదే అడగడం. "అమ్మా, నేను వాణ్ణి ఏం చెయ్యను కదా?" అని రోజుకు ఎన్నిసార్లో. "ఏం చెయ్యవే తల్లీ" అని ఆవిడ ప్రతిసారీ చెబుతుంది, ఓ పది నిమిషాలు నెమ్మది, మళ్లీ అదే ప్రశ్న. ఆ జవాబు కూడా భయానికి పెట్టే ముద్దే, అందుకే ఆపమన్నాను. అది ఆపడం వాళ్లమ్మకు ఎంత కష్టమో చూశాను. చివరికి ఆవిడే ఒక మాట తయారుచేసుకుంది: "దానికి నేను జవాబు చెప్పకూడదంట, నువ్వు రా, పిల్లాడి బట్టలు మడత పెడదాం."

లాలపోసే రోజు వాళ్లింటికి వెళ్లాను. పెరట్లో బండ మీద చిన్న పీట, కాగులో వేణ్నీళ్లు, గిన్నెలో సున్నిపిండి. ఆమె పీట మీద కూర్చుని కాళ్లు బారజాపింది, వాళ్లమ్మ బాబును ఆ కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, ముందే అనుకున్నట్టు ఇంట్లోకి వెళ్లిపోయింది. నీళ్ల వేడి మోచేత్తో ఒక్కసారే చూడాలన్నది ఒప్పందం. చూసింది. రెండోసారి చెయ్యి కాగు దాకా వెళ్లి ఆగింది. చెంబుతో మొదటి నీళ్లు వీపు మీద పోసేటప్పుడు చెయ్యి వణుకుతోంది, పెదాలు కదలబోయి ఆగాయి. భయం పదికి ఎంత అని అడిగితే తొమ్మిది అంది. పోస్తూనే ఉండమన్నాను. సున్నిపిండి రుద్ది, మెడ మడతల్లో కడిగి, వెల్లకిలా తిప్పేసరికి ఆరు. వాడు హాయిగా ఒళ్లు విరుచుకున్నాడు. తువ్వాలులో చుట్టేటప్పటికి మూడు. ఆలోచన పోయిందా అంటే, "లేదు, ఉంది, కానీ ఉన్నా పోసేశాను" అంది. చికిత్సలో నాకు కావాల్సిన మాట అదే.

కత్తిపీట ఆ తర్వాత కొన్ని వారాలకు దిగింది. స్టూలేసుకుని తనే దించి, కడిగి, ఉయ్యాల ఉన్న గదిలోనే కూర్చుని బెండకాయలు తరిగింది. మొదటిరోజు నాలుగు కాయలు, వారం తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ కూర.

అన్నీ సాఫీగా జరగలేదు. నాలుగో నెలలో బాబుకు జలుబు చేసి జ్వరం వచ్చింది, ముక్కు కింద వేలు మళ్లీ మొదలైంది, రెండు రోజులు ఎత్తుకోనంది. అది మామూలేనని, మొదటికొచ్చినట్టు కాదని చెప్పి వరుసలో రెండు మెట్లు కిందకు వచ్చి మళ్లీ ఎక్కాం. ఐదో నెలలో హైదరాబాద్ వెళ్లే ముందు కొత్త భయం, ఏడో అంతస్తు బాల్కనీ. దానికి వీడియో కాల్‌లో పని చేశాం: బాబును ఎత్తుకుని బాల్కనీ తలుపు దగ్గర నిలబడి మామూలుగా కబుర్లు చెప్పడం, అంతే. బాల్కనీకి గ్రిల్లు బిగించమని మాత్రం చెప్పాను, పాకే పిల్లాడున్న ఏ ఇంటికైనా అది కావాలి.

పోయిన గర్భం గురించి చివరి దశలో మాట్లాడాం. తొలి నెలల్లో పోయే గర్భాల్లో ఎక్కువ భాగం పిండంలో క్రోమోజోముల లోపం వల్ల పోతాయి, మెట్లెక్కడం వల్ల కాదు. ఈ మాట అప్పట్లోనే ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. ఆ రోజు చాలా ఏడ్చింది, భర్త కూడా. ఆ బిడ్డ గురించి వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

బాబుకు ఆరు నెలలు నిండేసరికి ఎడిన్‌బరో స్కేల్‌లో 5, పదో ప్రశ్నకు "ఎప్పుడూ లేదు". ఆలోచనలు పూర్తిగా పోలేదు, వస్తే "వచ్చిందిలే" అనుకుని చేస్తున్న పని చేసుకుంటోంది. 26 వారాల ప్రసూతి సెలవు అయిపోయి ఉద్యోగంలో చేరింది, పగలు అత్తగారు చూసుకుంటున్నారు. మందు ఇంకా వాడుతోంది, బాగయ్యాక కూడా ఏడాదిపాటు వాడి, తర్వాత డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి, సొంతంగా ఆపకూడదు.

రెండో బిడ్డ కావాలనుకున్నప్పుడు ఏం చేయాలో కూడా ఇప్పుడే రాసిపెట్టుకున్నాం, ఎందుకంటే ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. కడుపు నిలవకముందే సైకియాట్రిస్ట్‌ను కలవాలి, మందు ఉంచాలా మార్చాలా అప్పుడే తేల్చుకోవాలి, ఐదో నెల నుంచి నాతో మాటలు మొదలవ్వాలి, కాన్పు చేసే డాక్టర్ ఫైల్లో ఈ చరిత్ర మొదటి పేజీలోనే ఉండాలి. కాన్పయిన తొలి నెలలో రాత్రి ఐదు గంటల నిద్ర ఎవరి పూచీయో ఆ కాగితంలో ముందుగానే రాశాం. భర్త దాని కింద సంతకం చేశాడు.